అరకులోయకు అతిథులమై

మా యూరి యువకులు ఏటేట వరికోతలు ముగిసి కుప్పలు వేసిన పిమ్మట ఒక బస్సును మాటలాడుకొని కొండలకు పోవు అలవాటు చేసికొన్నారు. నిరుడు వారు నన్నును రమ్మనిరి. "తాతగారూ, మీరు వెంట నున్నచో మా అమ్మలు మమ్ము వెళ్లనిత్తురు" అని వారు చెప్పిన కారణము. నా గొప్పతనమువలన గాక వారి యవసరమువలననే బయలుదేరితినని ముందుగా ఒప్పుకొనుచున్నాను. మేము పోయినది అరకులోయకు. అచ్చట చూడదగిన దేమి, తినదగిన దేమి, పిల్లలు ఎచ్చట ఆడుకొనవచ్చును, ఎచ్చట ఆడరాదు అను విషయములను, వానితోబాటు నేను చేసిన యొక తప్పును మీకు మనవి చేసికొందును. మీ గ్రామములనుండియు ఇట్టి యాత్రలు సాగుచునే యుండును గనుక, నా మాటలలో కొన్నియైనను మీకు పనికివచ్చునని నా యాశ.

అరకు విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైబడిన యెత్తున నున్నది. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో నిది చేరినది. శృంగవరపుకోట దాటిన పిమ్మట బస్సు మలుపులు తిరుగుచు అనంతగిరి మీదుగా కొండ నెక్కును. కాని మొదటిసారి పోవువారికి రైలు ప్రయాణమే తగినది. అందుచేత మేము బస్సును ముందుగా పంపి, విశాఖపట్టణమున ఉదయపు రైలెక్కితిమి.

ఈ రైలుమార్గము యాత్రికుల వినోదమునకై వేసినది కాదు. బైలడిల్లా కొండలలోని ఇనుప రాతిని విశాఖ రేవునకు దింపి, ఓడలమీద జపాను దేశమునకు పంపుటకై 1960వ దశకమున దీనిని నిర్మించిరి. కొత్తవలస యొద్ద మొదలై కిరండూలు వఱకు పోవు నీ దారిలో ఏబదికి మించిన సొరంగములున్నవి. త్యాడ, చిమిడిపల్లి, బొఱ్ఱా గుహలు, కరకవలస మీదుగా రైలు పైకి ప్రాకుచుండగా, ఒక సొరంగము చీకటి వదలి వెలుగులోనికి వచ్చునప్పటికి ప్రక్కన లోయ. ఆ లోయను చూచి తృప్తి తీఱకముందే మఱియొక చీకటి. పిల్లలు ప్రతి సొరంగములోను కేకలు వేసిరి. మూడవదానిలో నేనును వేసితిని. శిమిలిగూడ స్టేషను సుమారు 1000 మీటర్ల యెత్తున నున్నది. అచ్చటి చల్లగాలి తగులగానే ముసలివారమందఱము సంచులలోని శాలువలకై వెదకికొంటిమి. చలికాలమున పోవువారు కంబళ్లు మఱువరాదు. దోమల బాధకు తగిన మందును దగ్గఱ నుంచుకొనుట మేలు. మన్యపు జ్వరమన్న మాట మన తాతలు ఊరక పుట్టించినది కాదు.

అరకు చేరిన దినమున పద్మాపురము తోటను చూచితిమి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైనికులకు కాయగూర లందించుటకై ఈ తోటను వేసిరని చెప్పుదురు. నేడు పూలమొక్కలు, గులాబీలు, పెద్ద చెట్లపై కట్టిన గుడిసెలు, పిల్లలు తిరుగుటకు చిన్న రైలుబండియు నున్నవి. దానికి దాపుననే గిరిజనుల ప్రదర్శనశాల యున్నది. బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోటియాలు, పోర్జాలు మొదలగు తెగలవారి పనిముట్లు, నగలు, వేటసామగ్రి అందులో చూడవచ్చును. పెద్దలు పిల్లలను ముందుగా ఇచ్చటికి గొనిపోవుట మంచిది. ఎవరి యింటికి వచ్చితిమో తెలిసికొన్న పిమ్మట వీధిలో తిరిగినచో నడత వేఱుగా నుండును.

ఇక భోజనము మాట. అరకు పేరు చెప్పగానే నేటి యువకులకు నోరూరునది బొంగులో కోడి. నేను దాని వంటకమును దగ్గఱ కూర్చుండి చూచితిని. కోడిమాంసమునకు ఉప్పు, కారము, పసుపు, అల్లము, వెల్లుల్లి, కొంచెము నిమ్మరసము పట్టించి నాననిత్తురు. పచ్చి వెదురు బొంగును ఒకవైపు కణుపుండునట్లు నఱికి, అందులో మాంసమును కూరి, తెఱచిన మూతిని ఆకులతో బిగింతురు. దానిని కణకణలాడు నిప్పులమీద నుంచి త్రిప్పుచుందురు. నూనె చుక్కయైన వేయరు, నీరును పోయరు. పచ్చి బొంగులోని తేమయే ఆవిరియై మాంసమును ఉడికించును. బొంగు బయట నల్లబడును గాని లోపల కూర మాడదు. అరగంటకు పైబడిన తరువాత బొంగు నోటిని విప్పి అడ్డాకులో గ్రుమ్మరించిరి. కూరకు వెదురు వాసన కొంచెము పట్టియుండెను. నా పండ్లకు సయితము అది శ్రమ కలిగింపలేదు. మాంసము తిననివారికి బియ్యమును, కూరగాయలను అట్లే బొంగులో వండి పెట్టుచున్నారు. ఒక్క జాగ్రత్త: ఎదుట కాల్చి యిచ్చు చోటనే కొనవలెను. చల్లాఱిన బొంగును మరల వేడిచేసి యిచ్చినచో వలదనుడు.

ఉదయమున మేము త్రాగినది చోడి అంబలి. మన చిన్ననాట ప్రతి యింట నుండిన యీ అంబలి నేడు మన యూళ్లలో అరుదై, అక్కడ నిలిచియున్నది. కొండచరియలలో చోళ్లు, సామలు, వలిసెలు పండింతురు. వలిసె చేలు పూచినపుడు నేల యెల్ల పసుపు గుడ్డ పఱచినట్లుండును. మన యువకులు ఫోటోల కొఱకు ఆ చేలలో దిగి త్రొక్కుట చూచితిని. "మీ తండ్రి పెసరచేనిలో ఎవడైన దిగి ఇట్లు చేసినచో మీరేమందురు?" అని అడిగితిని. వారు సిగ్గుపడి గట్టు మీదికి వచ్చిరి.

కాఫీని గూర్చి ఒక మాట చెప్పకతప్పదు. అనంతగిరి మొదలు పాడేరు వఱకు కొండవాలులలో గిరిజన రైతులు సిల్వరు ఓకు చెట్ల నీడలో కాఫీ మొక్కలు పెంచుదురు. ఆ చెట్లకే మిరియపు తీగలు ప్రాకింతురు. శీతకాలమున ఎఱ్ఱబాఱిన పండ్లను చేతితో ఏరి, తొక్క తీసి, గింజలను కడిగి ఆఱబెట్టుదురు. అరకు కాఫీకి 2019వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. 2017లో పారిసు నగరమున అరకు పేరిట కాఫీ దుకాణము తెఱవబడినది. మన కొండరైతు చేతి పంట అంత దూరము పోయినదన్న సంగతి మన పిల్లలకు చెప్పదగినది.

ఇప్పుడు నా తప్పును చెప్పుదును. మఱునాడు మేము వారపు సంతకు పోతిమి. అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్లు, పసుపు, పిప్పళ్లు, రాజ్మా చిక్కుళ్లు, అనాసపండ్లు, అల్లము—సంత నిండుగా నుండెను. ఒక ముసలమ్మ అల్లము రాశి ముందు కూర్చుండి యుండెను. రెండు కిలోల అల్లమునకు నూటయిరువది రూపాయలు చెప్పినది. నేను అలవాటు చొప్పున సగము ధర అడిగి, లేచిపోవుచున్నట్లు నటించి, తుదకు ఎనుబదికి తెచ్చితిని. ఆమె యేమియు అనలేదు. "ఇయ్యి బాబూ" అని చేయి చాచినది. మా జట్టులోనివారు నా నేర్పును మెచ్చుకొనిరి. నేను మీసము సవరించుకొంటిని.

తిరుగుప్రయాణమున విశాఖలో ఒక దుకాణమున అట్టి అల్లమునకే కిలో ధర అడిగితిని. అది ఆమె రెండు కిలోలకు మొదట చెప్పిన సొమ్ముకంటె ఎక్కువ. అప్పుడు నా మనస్సు చివుక్కుమన్నది. పెద్దలారా, నేను నా జన్మమంతయు వడ్లు పండించి అమ్మినవాడను. కళ్లములో తూకమునొద్ద దళారి తేమ యున్నదని, తాలు యున్నదని ధర తగ్గించునపుడు, ఇంట అవసరము తఱుముచుండగా "సరే, తీసికొనుము" అని నేను చేయి చాచిన దినములు ఎన్నియో. ఆ దినములలో నా కడుపు మండిన మంట నాకు తెలియును. ఆమె తెల్లవాఱకముందే కావడి దించి కొండ దిగివచ్చియుండును. సాయంకాలమునకు మిగిలిన సరకును మరల మోసికొని కొండ యెక్కవలెను. ఆ సంగతి నాకు తట్టలేదు. ఆ దినమున దళారిని నేనే యైతిని. నలుబది రూపాయలు తిరిగి యిచ్చివత్తునన్నచో, సంత చెదరినది, ఆమె పేరు తెలియదు, ఊరు తెలియదు. ఆ అల్లము మా యింట ఎండి సొంఠియైనది గాని, ఆ బాకీ తీఱలేదు. అందుచేతనే దీనిని మీ యెదుట చెప్పుచున్నాను.

సంత నుండి పాడేరు త్రోవలో చాపరాయికి పోతిమి. అచ్చట ఏఱు విశాలమైన ఏటవాలు బండమీద చాపవలె పఱచుకొని పాఱును. పిల్లలకు స్వర్గమే. కాని ఆ బండ నీటి ఒఱపిడికి నున్నబడి, నాచుపట్టి యుండును. వర్షకాలమున నీరు హఠాత్తుగ పెరుగును. మేము గట్టున కూర్చుండి యుండగా, పదునాలుగేండ్ల స్థానిక బాలుడొకడు పరుగెత్తుకొని వచ్చి, "తాతా, ఆ నల్లరాతిమీద పిల్లోడిని కాలెయ్యనీకు" అని కేక వేసెను. నేను తల యెత్తునంతలోనే మా మనుమడు ఆ రాతిపై కాలు జాఱి క్రింది మడుగువైపు కొట్టుకొనిపోవుచుండెను. ఆ బాలుడే నడుములోతు నీటిలోనికి దిగి వానిని చొక్కా పట్టి లాగెను. మోకాలు చెక్కుకొనుటతో గండము గడచినది. మేము డబ్బీయబోగా ఆ బాలుడు నవ్వి, తన తల్లి కాల్చుచున్న మొక్కజొన్న పొత్తులను కొనుమనెను. ఇరువదిమందిమి తలకొక పొత్తు కొంటిమి. ఈసారి ధర అడిగితిని గాని బేరమాడలేదు.

మూడవనాడు తిరుగుదారిలో బొఱ్ఱా గుహలను చూచితిమి. సున్నపురాతి కొండలో వాననీరు వేలకొలది సంవత్సరములు ఇంకి, రాతిని కరగించి, చుక్కచుక్కగా దిగుచు పైనుండి వ్రేలాడు స్తంభములను, క్రిందినుండి లేచు దిమ్మెలను కట్టినది. ఒక ఆవు పైకంతలో పడి బ్రదికెనని, వెదకుచు వచ్చిన పసులకాపరి లోపల శివలింగమును చూచెనని అచ్చటివారు చెప్పుదురు. శివరాత్రికి అచ్చట యాత్ర జరుగును. ఆ ప్రక్కన పుట్టి పాఱు గోస్తనీ నది తాటిపూడి జలాశయమును నింపి భీమునిపట్టణమునొద్ద సముద్రమున కలియును. గుహలోని ఱాళ్లను విఱుచుట, వానిపై పేర్లు చెక్కుట మహాపాపమని పిల్లలకు చెప్పవలెను. మెట్లు తడిగా నుండును. మోకాళ్ల నొప్పులున్నవారు సగము దూరమున ఆగుటలో అవమానము లేదు. నేను ఆగితిని.

ఆ బొఱ్ఱా పరిసరములలోనే మఱియొక సంగతి జరిగినది. అచ్చటి గిరిజన భూములలో గనులు త్రవ్వుటకు బయటివారికి కౌళ్లిచ్చుటపై వ్యాజ్యము నడచి, 1997 జూలై మాసమున సుప్రీముకోర్టు సమత తీర్పునిచ్చినది. షెడ్యూలు ప్రాంతములలోని భూమిని గిరిజనేతరులకు కౌలుకిచ్చుట చెల్లదని, ఆ నిషేధము ప్రభుత్వభూమికిని వర్తించునని ఆ తీర్పు సారాంశము. మన జిల్లాలలో కొందఱు "అరకులో ఒక చెక్క నేల కొని విడిది కట్టుకొందము" అని అనుచుండుట విందును. 1970వ సంవత్సరపు నిబంధన ప్రకారము అది కూడదు. కొండమీద మనము అతిథులమే గాని ఆసాములము కాము. అతిథిగా నుండుటలో చిన్నతనమేమియు లేదు.

కాబట్టి నా మనవి యిది. ఈ యేడు మీ యువకులు కొండలకు బయలుదేరునపుడు పెద్దవాడొకడు వెంట పోవలెను. ఏటిలో దిగకముందు ఆ యూరివారిని అడుగవలెను. అడవిలో నిప్పు రాజవేయరాదు. ప్లాస్టికు సంచులను, సీసాలను బస్సులోనే తిరిగి తేవలెను. ధింసా ఆట ఆడువారిని చూచినపుడు వారి శ్రమకు తగిన సొమ్ము నీయవలెను. పిలిచినపుడు వారితో చేయి కలిపి రెండడుగులు వేయవలెను. సంతలో ధర న్యాయముగ నున్నచో బేరమాడరాదు.

మా యువకులు ఈ మార్గశిరమున మరల బయలుదేరుచున్నారు. ఈ తడవ వారు పిలువకముందే నేను సంచి సర్దుకొంటిని. జేబులో నలుబది రూపాయలు వేఱుగా మడిచి పెట్టుకొంటిని. అల్లపు రాశి ముందు ఆ ముసలమ్మ కూర్చుండి యుండునో లేదో భగవంతునికే తెలియవలెను.