దిగువ వారి హక్కు

అల్లాహ్‌ను స్తుతించి, దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై దరూద్ పంపి, నేడు నీటిని గురించి కొన్ని మాటలు మనవి చేస్తున్నాము. ఇప్పుడే వుజూ చేసి వచ్చి కూర్చున్న మనకు ఇది పరాయి విషయం కాదు.

కెన్యా దేశంలో నైవాషా అనే మంచినీటి సరస్సు ఉంది. మలేవా, గిల్‌గిల్ నదులు అందులో కలుస్తాయి. నేల మీద దాని నుండి బయటికి పారే ఏరు మాత్రం లేదు. దాని ఒడ్డున కొన్ని దశాబ్దాలుగా విస్తారమైన గులాబీ తోటలు వెలిశాయి. ఆ పూలు విమానాల్లో ఐరోపా విపణికి వెళతాయి. మొక్క పీల్చుకోగా మిగిలిన ఎరువూ, మందు కలిసిన నీరూ సరస్సు వైపు పారతాయి. నత్రజని, భాస్వరం ఎక్కువైతే మొదట నీరు పచ్చబడుతుంది. చూసేవారికి అది కళగానే తోచవచ్చు! ఆ నాచు చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది. చేపకు ఊపిరాడదు. గుర్రపుడెక్క అల్లుకుని జాలరి వలను పడనివ్వదు. నదీముఖంలో ఒండ్రును వడకట్టవలసిన పాపిరస్ రెల్లు చాలా మేరకు నశించింది.

న్యాయం తప్పి మాట్లాడరాదు. నేరమంతా పూలతోటలది కాదు. ఎగువ కొండల్లోని చిన్న రైతుల పొలాల మట్టీ, పట్టణపు మురుగూ అందులోనే చేరుతున్నాయి. ఆ తోటలు వేలాది కుటుంబాలకు కూడు పెడుతున్నాయి. కొన్ని తోటలవారు వాడిన నీటిని రెల్లు మడుగుల గుండా పారించి, శుద్ధి చేసి వదులుతున్నారు. అంటే, చేయదలిస్తే సాధ్యమే.

నిలిచిన నీటిలో మూత్ర విసర్జన చేయరాదని మహాప్రవక్త (సఅసం) నిషేధించారు. నమాజులు, ఉపవాసాలు వెంట తెచ్చుకుని కూడా, ఇతరులకు చేసిన అన్యాయాల మూలంగా వాటిని బాధితులకు పంచియిచ్చి ప్రళయదినాన దివాలా తీసే మనిషిని గురించి కూడా ఆయన హెచ్చరించారు. మనలను భయపెట్టవలసింది ఇదే. పొరుగువానికి కీడు చేస్తే వెళ్ళి క్షమాపణ వేడుకోవచ్చు. కాలువ దిగువన ఆ నీరు త్రాగిన బిడ్డ ఎవరో మనకు తెలియదు. ఎవరి గడప తొక్కి క్షమాపణ కోరగలము?

మన జమాఅత్‌లోనూ బంతి, చామంతి వేసేవారున్నారు. పూలసాగు హలాల్ సంపాదనే, సందేహం లేదు. అయితే మందు కొట్టిన స్ప్రేయర్‌ను కాలువలో ముంచి కడిగే అలవాటును మనమే చూస్తున్నాము, చూసి ఊరకుంటున్నాము కూడా. ఇకపై ఆ ట్యాంకును చేనులోనే కడిగి, కడిగిన నీటిని అదే పైరుపై చల్లండి. కాలువ గట్టున నాలుగడుగుల మేర గడ్డిని దున్నక విడవండి. ఖాళీ మందు సీసాలను నీటిలోకి విసరకండి. ఈ రోజు అస్ర్ నమాజు తరువాత మన మసీదు వుజూ నీరు ఎక్కడికి పోతున్నదో మేమూ వెళ్ళి చూస్తాము. వీలున్నవారు వెంట రండి.