అరచేతిలోని రచ్చబండ

(రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)

గ్రంథాలయపు గడపకడ ఒక రిజిస్టరు ఉండును. ఏ పుస్తకము ఎవరి ఇంటికి పోయినదో అందు వ్రాయబడును. లోనికి వచ్చు ప్రతి బాలుని మొగమును గ్రంథపాలకుడు ఎరుగును. నేటి బాలబాలికల చేతిలోని సెల్‌ఫోను కూడ విజ్ఞానమునకు ఒక గడపయే. కాని అచ్చట రిజిస్టరు లేదు, గ్రంథపాలకుడును లేడు. వచ్చువాడు ఏ పేరైన చెప్పుకొనవచ్చును, ఏ మొగమైన తగిలించుకొనవచ్చును.

అట్లని ఆ గడపను మూసివేయుట వివేకము కాదు. పిల్లలు పడుదురని ఊరివారు నూయి పూడ్చరు. చుట్టును గోడ కట్టుదురు. యూట్యూబులో పాఠములు వినువారును, వాట్సాప్‌లో దూరదేశమందలి తోబుట్టువులతో మాటలాడువారును గ్రామములలో కలరు. కావలసినది గోడ మాత్రమే.

ఖాతాను ప్రైవేటుగా నుంచి, ఎదురుపడి ఎరిగినవారినే చేర్చుకొనుట మొదటి వరుస. పాస్‌వర్డును, ఓటీపీని ప్రాణస్నేహితునకైనను చెప్పకుండుట రెండవ వరుస. పాఠశాల పేరు, ఇంటి గుమ్మము, దినదినము పోవు దారి తెలియు ఛాయాచిత్రములను పెట్టకుండుట మూడవది. వయస్సు నిజము చెప్పుట నాల్గవది. ఇన్‌స్టాగ్రామ్ 2024లో ప్రారంభించిన టీన్ ఖాతాలు 2025లో భారతదేశమునకు వచ్చినవి. ఆ ఏర్పాటులో 18 ఏండ్లలోపువారి ఖాతా ప్రైవేటుగా నుండును. 16 ఏండ్లలోపువారు ఆ కట్టుబాట్లను సడలింపవలెనన్న తల్లిదండ్రుల అనుమతి కావలయును. వయస్సు పెంచి చెప్పిన బాలుడు ఆ గోడను తన చేతితోనే పడగొట్టుకొనుచున్నాడు.

గోడ యున్నను పొరపాటు జరుగవచ్చును. పదవ తరగతి బాలునకు ఒక బాలిక పేరుతో స్నేహము కలిసినదనుకొందురు గాక. పొగడ్తలతో మొదలైన సంభాషణ కొలది దినములలో ఒక రహస్యచిత్రమును అడుగువరకు పోవును. చిత్రము చేరిన మరుక్షణమే ఆ బాలిక మాయమై, బెదిరించువాడు బయటపడును: "డబ్బు పంపుము, లేనిచో నీ బంధువులందరికి పంపెదను." ఇచ్చినచో ఆగునా? ఆగదు, ఇచ్చునని తెలిసినవానినే మరల మరల పీడింతురు. ఆ మోసగాని పెట్టుబడి ఒక్కటే: బాలుడు తండ్రికి చెప్పజాలడను నమ్మకము. ఆ భయమును ఒంటరిగా మోయలేక బిడ్డ ప్రాణమునకే తెగించు ప్రమాదము కలదు.

కనుక ఈ విషయమున మొదటి పాఠము తల్లిదండ్రులదే. "ఏమి జరిగినను మొదట నాకు చెప్పుము; నిన్ను కొట్టను, ఫోను లాగుకొనను" అను మాట ఆపద రాకమునుపే ఇంటిలో వినబడవలయును. ఆ మాట విన్న బిడ్డ యెదుట మోసగాని పెట్టుబడి మునిగిపోవును.

ఆపద వచ్చినపుడు డబ్బు ఈయరాదు, ప్రత్యుత్తరము వ్రాయరాదు, వచ్చిన బెదిరింపులను తుడిచివేయరాదు. అవియే సాక్ష్యములు. వానిని, ఖాతాపేరును, ఫోను నంబరును భద్రపరచి, పిదప ఆ ఖాతాను బ్లాకు చేయవలయును. సైబర్ నేరములకు 1930, బాలల సహాయమునకు 1098 నంబర్లు కలవు. జాతీయ సైబర్ నేరముల పోర్టలులో స్త్రీలకు, బాలలకు సంబంధించిన కొన్ని నేరములపై పేరు చెప్పకయే ఫిర్యాదు చేయవచ్చును. అమెరికాలోని ఒక బాలరక్షణ కేంద్రము నడుపు "టేక్ ఇట్ డౌన్" సేవ ఉచితము. అందు చిత్రమును ఎవరికిని పంపనక్కరలేదు. దాని అంకెల వేలిముద్ర మాత్రమే పోవును. ఆ సేవలో చేరిన సంస్థలు దానినిబట్టి తమ వేదికలలో ఆ చిత్రమును గుర్తించి తొలగింపగలవు.

చట్టమును బిడ్డ పక్షముననే ఉన్నది. 2012 నాటి పోక్సో చట్టము బాలికలకు వలెనే బాలురకును రక్షణ నిచ్చును. సమాచార సాంకేతిక చట్టములోని 67బి సెక్షను ప్రకారము బాలల అశ్లీల చిత్రములను ప్రచురించువానికి, పంపువానికి మొదటి తప్పునకే అయిదేండ్లవరకు కారాగారము, పదిలక్షల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. తోటి విద్యార్థి చిత్రమును వేడుకకు ముందునకు పంపుటయు నేరమే యని యువకులు గ్రహింపవలయును.

రచ్చబండకడ అన్నమాట సాయంకాలమునకు మరుపున పడెడిది. అరచేతిలోని రచ్చబండ అట్లు మరువదు. కావున అచ్చట కూర్చుండు బిడ్డ ప్రక్కను ఒక పెద్ద యుండుట అవసరము. పుస్తకము చేతికిచ్చి పంపిన గ్రంథాలయమే, చెప్పుకొనుటకు చోటులేని బిడ్డకు చెవియొగ్గు చోటు కూడ కాగలిగినచో, ఈ రజతోత్సవము సార్థకమగును.