చౌర్యము జాతిగుణమా? మనోవ్యాధియా?



కొల్లేటికోటలో పెద్దింట్లమ్మవారి సన్నిధిని కూడిన యీ సభలో దొంగతనమును గూర్చి ప్రసంగించుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని యీ మాటవలన మన యెఱుకలవారు పడిన యగచాట్లు సామాన్యములు కావు. 1871లో పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో చెన్నరాజధానికిని వ్యాపించెను. చేసిన నేరమునుబట్టి గాక, పుట్టిన కులమునుబట్టి మనవారి పేళ్లు పోలీసు పట్టీల కెక్కినవి. బాపట్ల చెంత స్టువర్టుపురమున సాల్వేషన్ ఆర్మీవారి పర్యవేక్షణక్రింద మనవారిని సెటిల్మెంటునందుంచిరి. 1952లో గాని యా చట్టము దేశమంతటను రద్దు కాలేదు.

అంతకు చాల పూర్వమే, 1816లో, స్విట్జర్లాండు వైద్యుడు ఆండ్రె మాతే, అక్కఱలేని వస్తువులను సైతము దొంగిలింపక నిలువలేనివారిని గూర్చి వ్రాసెను. 1838లో ఫ్రెంచి వైద్యులు మార్క్, ఎస్కిరోల్ ఆ వ్యాధికి క్లెప్టోమేనియా యను పేరు స్థిరపఱచిరి. మనము చౌర్యోన్మాదమనవచ్చును. ఆ శతాబ్దమున ఐరోపాలో కలవారి యిల్లాలు అంగడిలో వస్తువు కాజేసిన రోగమనిరి. ఇచ్చట బీదవాడు చేసిన జాతిగుణమనిరి. ఇది యేటి న్యాయము?

ఈ రోగి యాకలికై గాని, లాభమునకై గాని, పగచే గాని దొంగిలింపడు. చేతిలో పైకమున్నను తీయును. తీయుటకు ముందు మనస్సు బిగిసిపోవును, తీసినంతనే తేలికపడును, పిమ్మట సిగ్గుతో క్రుంగును. తెచ్చిన వస్తువును దాచును, పాఱవేయును, లేదా యొరులకిచ్చును. ఈ వ్యాధి అరుదు. ఏ కులమునందైనను కనబడును. మనస్తత్త్వ చికిత్సయు, కొందఱియెడ నాల్‌ట్రెక్సోన్ అను మందును గుణమిచ్చుచున్నవి. అయినను ప్రతి దొంగయు రోగి కాడు. రోగమని చెప్పినంతనే చట్టము విడువదు. నిర్ణయము వైద్యునిది.

కావున మన యిండ్లలో నెవరికైన నిట్టి చేతివాటము కనబడినచో, కొట్టకుడు, వాతలు పెట్టకుడు, పంచాయతిలో నిలిపి పరువు తీయకుడు. అమ్మవారికి మ్రొక్కుకొనుడు; మానసిక వైద్యుని యొద్దకును పొండు. వైద్యుడు దూరమైనచో, 14416 నంబరునకు ఫోను చేసిన టెలీ మానస్‌వారు ఉచితముగా సలహా నిత్తురు.

చట్టము పోయి డెబ్బదియేండ్లు దాటినను, ఊర నేదైన పోయినచో మొదట మనవైపు చూచువా రింకను గలరు. విచారింపకయే దొంగయని ముద్రవేయుట యెంతటి క్రౌర్యమో మనకు తెలిసినట్లు మఱి యెవరికి తెలియును? మనకు జరిగిన యా యన్యాయమును మనలోని యొక రోగికి మనమే చేయకుందుము గాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.