ఫోను చేతిలో ఉంది, పక్కన ఎవరున్నారు?

(కూరెకుప్పలో యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



కూరెకుప్ప అనగానే బయటివాళ్లకు పక్కనున్న తోరణగల్లు ఉక్కు కర్మాగారమే గుర్తొస్తుంది. మనలో చాలామందికి ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, పని దగ్గర హిందీ, సర్టిఫికెట్టు మీద ఇంగ్లీషు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లాయి, బళ్లారి మైసూరులో కలిసింది. గీత మారింది గానీ ఇళ్లలో మాట మారలేదు. అందుకే చదువు విషయంలో మన పిల్లలు రెండు మూడు భాషల గడపలు దాటాల్సి వస్తోంది.

ఈ రోజుల్లో తరచుగా వినబడే మాట ఒకటుంది: మానవ మూలధనం. అమెరికా ఆర్థికవేత్త థియొడోర్ షుల్జ్ 1961లో, గేరీ బెకర్ 1964లో ఈ ఆలోచనకు రూపమిచ్చారు. పొలం మీద, యంత్రం మీద పెట్టుబడి పెట్టినట్టే మనిషి చదువు మీద, ఆరోగ్యం మీద పెట్టే ఖర్చు కూడా పెట్టుబడే అన్నారు. ఇందులో నిజముంది. వెల్డింగు నేర్చుకున్న తమ్ముడికి, ఏమీ నేర్చుకోని తమ్ముడికి వచ్చే కూలి ఒకటి కాదు. పేదవాడి చదువు దండగ అనేవారికి ఇది మంచి జవాబు.

కానీ అక్కడే ఆగిపోతే ప్రమాదం. మనిషి విలువ అతను సంపాదించి పెట్టే డబ్బే అయితే, మంచంలో ఉన్న ముసలి తల్లి విలువ ఎంత? పని చేయలేని వికలాంగ సహోదరి విలువ ఎంత? మనిషి దేవుని స్వరూపంలో సృష్టించబడ్డాడని నమ్మేవాళ్లం మనం. జీతం రాకముందే, మార్కులు రాకముందే ఆ విలువ ఉంది. చదువు ఆ విలువను తెచ్చిపెట్టదు. దాన్ని తొక్కేసేవాళ్ల ముందు నిలబడే బలం ఇస్తుంది.

మరి ఆ చదువు ఎక్కడ దొరుకుతుంది? ఫోనులోనే ఉంది అంటారు. నిజమే, చాలా ఉంది. 2017లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన స్వయంలో కోర్సులు ఉచితంగా నేర్చుకోవచ్చు, సర్టిఫికెట్టు కావాలంటేనే పరీక్ష ఫీజు. ఐఐటీల ఎన్‌పీటెల్ పాఠాలు కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా వచ్చాయి. పాఠాలకు కొరత లేదు. మరి కొరత దేనికి?

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం గుర్తుచేసుకోండి. ఐతియొపీయ అధికారి గాజా దారిలో రథమెక్కి పోతున్నాడు. రాణి ధనాగారమంతా అతని చేతిలో ఉంది. యెషయా గ్రంథమూ చేతిలో ఉంది. డబ్బుంది, పుస్తకముంది, చదవడం వచ్చు. అర్థం మాత్రం కావడం లేదు. ఫిలిప్పు ఏం చేశాడు? రోడ్డు మీద నిలబడి ఉపన్యాసం ఇవ్వలేదు. రథమెక్కి పక్కన కూర్చున్నాడు, అతను చదువుతున్న చోటినుంచే మొదలుపెట్టాడు. మన కొరత అదే. పక్కన కూర్చునే మనిషి.

1971లో ఇవాన్ ఇలిచ్ ఇలాంటి మాటే చెప్పాడు. ఆయన కేథలిక్ గురువుగా పనిచేసినవాడు. నేర్చుకోవాలనుకునేవారిని, నేర్పగలిగేవారిని కలిపే అల్లికలు కావాలన్నాడు. అప్పటికి ఇంటర్నెట్ జనం చేతికి రాలేదు. మన తెలుగువాళ్లు ఇంకా ముందే చేసి చూపించారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు మహాసభ జరుపుకున్నారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. పుస్తకం దగ్గరికి రాలేనివాళ్ల దగ్గరికి పుస్తకమే వెళ్లింది.

ఇవాళ రాలేకపోతున్నది ఎవరు? ముందుగా మన ఆడపిల్లలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 35 మంది, పురుషులు 62 మంది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 21, పురుషులు దాదాపు 49. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, అయినా ఇంట్లో ఒక్క ఫోనుంటే అది ఎవరి జేబులో ఉంటుందో మీకు తెలుసు. 2019లోనే కేరళ హైకోర్టు ఒక హాస్టలు విద్యార్థిని కేసులో, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యత హక్కులో భాగమని తీర్పునిచ్చింది. కోర్టు ఒప్పుకున్న హక్కును విశ్వాసుల ఇళ్లలో ఒప్పుకోకపోతే ఎలా?

రెండోవారు కాంట్రాక్టు కూలీలు. అన్నా, నీ పీఎఫ్ ఖాతాకు యూఏఎన్ అనే 12 అంకెల నంబరు ఉంటుంది. మూల వేతనం, కరువు భత్యం మీద నీ వాటా 12 శాతం, యజమాని వాటా 12 శాతం. కోత పడిన డబ్బు జమ అయిందో లేదో ఉమాంగ్ యాప్‌లో చూసుకోవచ్చు. కాంట్రాక్టరు కట్టకపోతే ప్రధాన యజమాని బాధ్యత వహించాలని చట్టం చెబుతోంది. ఇది తెలియని మనిషి ఇతరుల మూలధనం. తెలిసిన మనిషి పౌరుడు. ఈ సంగతి అతనికి చెప్పడానికి పెద్ద డిగ్రీ అక్కర్లేదు. మీలో ఇంటర్ చదివిన ఒక చెల్లెలు అరగంట పక్కన కూర్చుంటే చాలు.

కాబట్టి మూడు పనులు అడుగుతున్నాను.

మొదటిది, వారంలో రెండు సాయంకాలాలు మందిరం తలుపులు చదువు కోసం తెరవండి. కరెంటు, వైఫై, చాపలు చాలు. ఏ కులమైనా, ఏ మతమైనా రావచ్చు. సంఘంలో సభ్యత్వం అడగవద్దు.

రెండవది, ఒక్కొక్కరు విడిగా చూడకండి. ముగ్గురు కలిసి ఒక పాఠం చూడండి. ఇంగ్లీషు అర్థమైనవాడు తెలుగులో చెప్పాలి, తెలుగు అర్థమైనది కన్నడలో చెప్పాలి. చెప్పినవాడికే ఎక్కువ వస్తుంది.

మూడవది, నేర్చుకున్నది దాచుకోకండి. తలాంతు పాతిపెట్టిన దాసుడి కథ మనకు తెలుసు. ఈ నెలలో ఒక్కరికి పీఎఫ్ చూసుకోవడం నేర్పండి. ఒక తల్లికి, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని, మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని నేర్పండి.

ఉక్కు తయారవుతున్న ఊళ్లో బతుకుతున్నాం. ఖనిజాన్ని లెక్కపెట్టేవాళ్లు, టన్నులు లెక్కపెట్టేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మనుషుల పక్కన కూర్చునేవాళ్లు మీరు కావాలి. దేవుడు మీకు ఆ మనసు ఇచ్చునుగాక. ఆమేన్.