తల్లిని చూచి రమ్మని తీర్పు

(పఠనమందిరమున చేసిన ప్రసంగ పాఠము)



న్యాయవాదవృత్తిలో నున్న మాకు దావాలు క్రొత్తవి కావు. పొలముగట్టులకై అన్నదమ్ములు, ఇంటిగోడలకై దాయాదులు మా గుమ్మము త్రొక్కుట నిత్యకృత్యము. అయినను చైనాదేశమున వూషీ నగర న్యాయస్థానము 2013 జూలై 1వ తేదీన చెప్పిన యొక తీర్పును గూర్చి చదివినపుడు మేము కొంతసేపు కాగితము ప్రక్కన బెట్టి కూర్చుంటిమి. డెబ్బదియేడేండ్ల తల్లి కూతురిపై వ్యాజ్యము తెచ్చినది. రెండు మాసముల కొకసారియైనను కూతురు వచ్చి తల్లిని చూచి పోవలెనని న్యాయస్థానము శాసించినది. సవరింపబడిన వృద్ధుల హక్కుల చట్టము అమలులోనికి వచ్చినదియు ఆనాడే. వేరుగా కాపురముండు బిడ్డలు తలిదండ్రులను తరచుగా చూచుచుండవలెనని అందొక నిబంధన కలదు. తరచుగా ననగా నెన్నిసార్లో చట్టము చెప్పలేదు.

కన్‌ఫ్యూషియస్ నాటినుండియు పితృభక్తిని సకల ధర్మములకు మూలముగా నెంచిన దేశమది. అచ్చట నిట్టి చట్ట మేల కావలసివచ్చెను? బిడ్డలు చెడిపోయిరని పెదవి విరుచుట సులభము. మే మట్లు తలపము. 1978లో చైనాప్రజలలో నూటికి పదునెనమండుగురు మాత్రమే పట్టణవాసులు. 2020 జనగణన నాటికి దాదాపు అరువదినలుగురు. ఒక్క తరము కన్నులయెదుటనే యింత మార్పు జరిగినది. దానికితోడు 1980 మొదలు 2015 వరకు నడచిన యేకసంతాన విధానము. ఒంటిబిడ్డ యొంటిబిడ్డను పెండ్లాడినచో నలుగురు వృద్ధుల భార మా యిద్దరిపై బడును. వేయిమైళ్ల దూరమున షెంజెన్ కర్మాగారములో పనిచేయు పల్లెటూరి పిల్లకు సెలవు దొరకి, రైలులో చోటు దొరకి, యింటికి పోవుట వసంతోత్సవమునకు గాని కుదరదు.

ఇంకొక సంగతి చిత్తగింపుడు. 1958 నుండి ఆ దేశమున ప్రతి కుటుంబమునకు నమోదైన యూరొకటి కలదు. పల్లెలో నమోదైనవాని బిడ్డకు నగరపు సర్కారు బడిలో చోటు దొరకుట మిక్కిలి కష్టము. కావున కూలికి పోవు తలిదండ్రులు పిల్లలను అవ్వతాతల యొద్ద విడిచిపోదురు. అట్టి పిల్లలు ఆరుకోట్లకు మించియున్నారని అఖిల చైనా మహిళా సమాఖ్య 2013లో ప్రకటించినది. ప్రేమ వారికి మనియార్డరు రూపమున వచ్చినది. ఆ పిల్లలు పెద్దవారై తలిదండ్రుల యెడ దూరముగా నున్నచో, దూరమును వారికి నేర్పిన దెవరు?

అయినవారి మాట యిది. పరాయివాని మాట వేరు. మనిషి చుట్టు ధర్మము నీటిలో వేసిన రాతి యలలవలె వ్యాపించి, దూరమైనకొలది పలుచబడునని సమాజశాస్త్రజ్ఞుడు ఫేయ్ షియావ్‌టోంగ్ తన దేశమును గూర్చి 1948 నాటి గ్రంథమున వ్రాసెను. పల్లెలో నది చాలును. నగరమున నెదురగు ప్రతివాడును ఆ యలల కావలివాడే గదా!

2006లో నాంజింగ్ నగరమున బస్సు దిగుచోట పడిపోయిన వృద్ధురాలి నొక యువకుడు లేవనెత్తి వైద్యశాలకు గొంపోయెను. అతడే తన్ను పడద్రోసెనని ఆమె దావా వేసినది. తప్పు లేనివాడు ఇంత సాయము చేయునా యని తర్కించి, న్యాయస్థానము 2007లో అతనిపై నలుబదియైదువేల యువానులకు పైగా విధించెను. అతడామెకు తగిలిన మాట నిజమేయని యొప్పుకొన్నట్లు 2012లో అధికారి యొకరు వెల్లడించిరి. కాని యప్పటికే ఆ తర్కము దేశమంతట నాటుకొన్నది. దయ జూపుట నేరమునకు సాక్ష్యమని చెప్పిన తీర్పుకంటె హీనమైనది మా యెరుకలో లేదు. 2011లో ఫోషాన్ నగరమున బండిక్రింద పడిన రెండేండ్ల పసిబిడ్డ ప్రక్కగా పదునెనిమిదిమంది నడచిపోయిరి. బిడ్డను ప్రక్కకు దీసినది చెత్త యేరుకొను స్త్రీ. ఆమెకు న్యాయస్థానముల తర్కము తెలియదు కాబోలు.

2021 జనవరి 1 నుండి అమలైన పౌరస్మృతిలో 184వ నిబంధన, ఆపదలో స్వచ్ఛందముగా సాయపడినవాడు తద్వారా కలిగిన నష్టమునకు బాధ్యుడు కాడని చెప్పుచున్నది. దీనిని మేము మనసార మెచ్చుకొందుము. భయమును తొలగించుట చట్టమునకు సాధ్యమైన పని.

వూషీ తీర్పు మాత్రము మమ్ము వదలకున్నది. మన దేశపు 2007 నాటి చట్టము తలిదండ్రులకు భరణ మిప్పించును. చూచి రమ్మని యనదు. డిక్రీ పొందినవాని కష్టము అమలు దరఖాస్తుతో మొదలగునని మా వృత్తివారెల్ల రెరుగుదురు. కూతురు రాకున్నచో అమీనా పోయి జప్తు చేసి తెచ్చునా? నవ్వకుడు. రెండు మాసముల కొకసారి యనగా ఏడాదికి ఆరుసార్లు. మొదటిసారి కూతురు తలుపు తట్టినపుడు ఆ తల్లి యేమన్నదో యే తీర్పులోను వ్రాయబడదు. మాకు తెలిసికొనవలెనని యున్నది అదియే.