దామెర్ల వారి బడి, మన బడి



ఇంజనీరుకి మైకిస్తే వంతెనల గురించి చెబుతాడని భయపడకండి. ఇవాళ బొమ్మల గురించి మాట్లాడతాను.

మనకి దగ్గర్లో, రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి పేరిట చిత్రశాల ఉంది. ఆ ఊరికి ఎన్నోసార్లు వెళ్లి ఉంటాం. చిత్రశాల లోపలికి వెళ్లినవాళ్లని చేతులెత్తమని మాత్రం అడగను.

రామారావు గారు 1897లో పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన చేతిలోని విద్య గుర్తించి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్లేలా ప్రోత్సహించారు. అడివి బాపిరాజు గారికీ ఆ దొరగారే గురువు. రామారావు గారు తిరిగొచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టారు. 1925 ఫిబ్రవరిలో మశూచితో పోయారు. అప్పటికి 28 ఏళ్లు నిండలేదు.

పెట్టినవాడు పోతే బడికి తాళం పడాలి కదా! పడలేదు. స్నేహితుడు వరద వెంకటరత్నం గారు నేర్పడం సాగించారు. భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రకారిణులే. కళాసంఘం ఎందుకని ఎవరైనా అడిగితే నేను ఈ కథే చెబుతాను. ఒక మనిషి దగ్గరున్న విద్య ఆ మనిషితోనే పోకుండా నలుగురు పట్టుకోవాలి.

మా రోజుల్లో డ్రాయింగు మాస్టారు బల్ల మీద కుండ పెట్టి, కనపడని వెనక వైపు ఊహించి గియ్యమనేవారు. ఉద్యోగంలో ప్లాను చేతికొచ్చిన ప్రతిసారీ నాకు అక్కరకొచ్చింది ఆ పాఠమే. ఆయన రిటైరయ్యాక ఆ పీరియడు లెక్కలకి పోయింది. లెక్కల మాస్టార్లు ఏమీ అనుకోవద్దు!

స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర ఆర్చి కట్టాలని మన కమిటీ ఆలోచన. ఎస్టిమేటు వేసింది నేనే కాబట్టి ఎంతవుతుందో తెలిసే అంటున్నాను. ఆ సొమ్ము బ్యాంకులో వేస్తే, వచ్చే వడ్డీకి మనం కొంత కలిపి, వారానికి రెండు పూటలు డ్రాయింగు నేర్పే మనిషికి గౌరవ వేతనం ఇవ్వొచ్చు. కాగితాలు, రంగులు బ్యాచ్‌ల వారీగా పంచుకుందాం. ఆర్చి వచ్చే ఏడైనా కట్టుకోవచ్చు, ఎనిమిదో తరగతి పిల్లలు వచ్చే ఏడు తొమ్మిదిలో ఉంటారు. ఈ మాట సర్వసభ్య సమావేశంలో చర్చకి పెట్టమని అధ్యక్షుల వారిని కోరుతున్నాను.

ఈలోగా పిల్లల్ని ఒకరోజు ఆ చిత్రశాలకి తీసుకెళ్దాం. బస్సు ఖర్చు నాది. వెంట వచ్చే ఇద్దరు టీచర్లు సభ అయ్యాక నాకు పేర్లివ్వండి.