ప్రయాణంలో పామూ పుట్రా: శరణు, జాగ్రత్త

సమస్త స్తుతులు అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) మీద, ఆయన కుటుంబీకుల మీద, సహచరుల మీద శాంతి శుభాలు వర్షించుగాక.

ధార్మిక సోదరులారా! తొలకరి పడింది. ఈ నెలల్లోనే మనవారిలో చాలామంది ఇల్లు విడిచి పరాయిచోట నిద్రిస్తారు. జమాఅతులో వెళ్ళి పల్లె మసీదు వరండాలో చాప పరచుకొనేవారున్నారు. లారీ ఆపి దాని నీడనే దుప్పటి కప్పుకొనే డ్రైవర్లు, క్లీనరు పిల్లలు ఉన్నారు. మందను తోలుకొని నల్లమల అంచుల వెంట నెలల తరబడి తిరిగేవారున్నారు. వీరందరికీ రాత్రి మజిలీ తప్పదు. ఆ మజిలీ గురించి మన ధర్మం ఏమి నేర్పిందో ఈ జుమాలో చెప్పుకొందాము.

ఎవరైనా ఒకచోట దిగి, అల్లాహ్ పరిపూర్ణ వచనాల ద్వారా ఆయన సృష్టించిన వాటి కీడు నుండి శరణు కోరితే, అక్కడి నుండి కదిలేవరకు అతనికి ఏదీ హాని చేయదని దైవప్రవక్త (స) తెలిపారు. ఈ విషయాన్ని హజ్రత్ ఖౌలా బింతె హకీమ్ (రజి) ఉల్లేఖించారు; సహీహ్ ముస్లింలో ఉంది. మనలో అనేకులకు ఈ దుఆ కంఠస్థం. చాలా సంతోషం. అయితే అదే గ్రంథంలో మరొక హదీసు ఉంది. దానిని కంఠస్థం చేసినవారు తక్కువ. రాత్రి విశ్రాంతికి ఆగినప్పుడు దారి మీద పడుకోవద్దనీ, అది జంతువులు నడిచే తోవ అనీ, రాత్రివేళ విషపురుగులు చేరే చోటు అనీ ప్రవక్త (స) హెచ్చరించారు. శరణు వేడమన్న నోటితోనే స్థలం చూసుకొని పడుకోమన్నారు. మొదటిది పట్టుకొని రెండవది వదిలినవాడు సున్నతులో సగమే పాటించినట్లు మేము భావిస్తాము. ఒంటెను కట్టి ఆపైన భరోసా ఉంచమన్న మాట ప్రతి తవక్కుల్ ప్రసంగంలోనూ వింటాము. కట్టవలసిన తాడు ఇదే.

ఇది చిన్న విషయమని ఎవరైనా అనుకొంటే ఒక లెక్క చెబుతాము. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో మరణించినవారు సుమారు 12 లక్షల మంది అని పరిశోధకులు అంచనా వేశారు. ఏడాదికి సగటున 58,000 మంది. అందులో సగం మరణాలు జూన్ నుండి సెప్టెంబరు లోపలివే. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాల వరుసలో మన ఆంధ్ర, తెలంగాణలూ ఉన్నాయి.

ముందుగా కట్లపాము సంగతి తెలుసుకోవాలి. నాగుపాము పడగ విప్పుతుంది, రక్తపింజర బుసకొడుతుంది. కట్లపాము ఏ హెచ్చరికా ఇవ్వదు. రాత్రివేళ తిరుగుతుంది, నేల మీద పడుకొన్నవారి పక్కలోకి చేరుతుంది. దాని కాటుకు చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు. చీమ కుట్టిందనుకొని మనిషి మరల నిద్రపోతాడు. తెల్లవారేసరికి కడుపునొప్పి, వాలిపోయే రెప్పలు, మింగుడుపడని గొంతు. కనుక నేల మీద నిద్రించేవారు దోమతెర కట్టి దాని అంచులను చాప కిందికి దోపాలి. మలేరియా ఉన్న మన్యం ఊళ్ళకు వెళ్ళేవారికి దానితో రెండు మేళ్ళు. పడుకొనే ముందు పక్కను వస్త్రంతో దులపమనీ, తాను లేచి వెళ్ళాక అందులోకి ఏమి చేరిందో మనిషికి తెలియదనీ ప్రవక్త (స) బోధించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న ఈ హదీసును మనం పరిశుభ్రత పాఠంగా మాత్రమే పిల్లలకు చెబుతున్నాము. అది ప్రాణరక్షణ పాఠం కూడా.

ఫజ్ర్‌కు ముందు లేచేవారికి ఒక ప్రత్యేక మనవి. చీకటిలో వుజూ తొట్టి దగ్గరికి వట్టికాళ్ళతో నడవకండి. తడి ఉన్నచోట కప్ప ఉంటుంది, కప్ప కోసం పాము వస్తుంది. టార్చి వేసుకొని, చెప్పులు తొడుక్కొని వెళ్ళండి. మసీదు బయట రాత్రంతా వదిలిన బూట్లలో తేలు దూరడం పల్లెవారికి తెలిసిన సంగతే. బోర్లించి దులిపిన తరువాతే కాలు పెట్టండి. కాలకృత్యాలకు పొలం గట్టుకు వెళ్ళినవారు బొరియలో మూత్ర విసర్జన చేయరాదన్న నిషేధం కూడా హదీసులో ఉంది. కారణాలు ఏమి చెప్పినా, అందులో ఉన్న జీవి మీదికి రాకుండా ఉండడం మన మేలుకే.

ఇక బాధ కలిగించే విషయం. పురుగు ముట్టినవారిని ఆటోలో నేరుగా మసీదుకు తీసుకువచ్చి, దమ్ చేయమని, నీళ్ళు ఊది ఇమ్మని అడిగేవారున్నారు. మెట్ల మీద కూర్చోబెట్టి మేము వచ్చేవరకు వేచి ఉంటారు. అబూ సయీద్ ఖుద్రీ (రజి) హదీసును ఆధారం చూపుతారు: ప్రయాణంలో ఉన్న సహచరులు తేలు కుట్టిన తెగనాయకునికి సూరె ఫాతిహా పఠించారు, అతడు కోలుకొన్నాడు. నిజమే, దానిని మేము మనసారా విశ్వసిస్తాము. కాని ఆ తెగవారు తమకు తెలిసిన ప్రయత్నాలన్నీ చేసి, ఫలితం లేకపోయాకే సహచరుల వద్దకు వచ్చారని ఆ హదీసే చెబుతోంది. ఔషధం లేని ఎడారి అది. మనకు ఆసుపత్రి ఉంది. కనుక మసీదు ముందు ఆటో దిగవద్దు. మమ్మల్నే ఎక్కించుకోండి, దారి పొడుగునా మీ పక్కన కూర్చొని ఫాతిహా పఠిస్తాము.

యాంటీవెనమ్ అనే సూది మందు ఎలా తయారవుతుందో వినండి. పాము విషాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడును వేరుచేస్తారు. ఆ విషాన్ని చాలా ఏళ్ళుగా సేకరిస్తున్నవారు తమిళనాడులోని ఇరుల గిరిజనులు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ ఒకే మందు పనిచేస్తుంది. అందుచేత కరిచిన పామును వెదికి చంపి తీసుకురావడానికి సమయం పోగొట్టవద్దు; రెండవ మనిషి కూడా కాటుకు గురవుతాడు. గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం, పసరు పోయడం అన్నీ చేటే. ఉంగరం, గాజులు తీసేయండి. కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆసరాతో వదులుగా కట్టండి. నడిపించకుండా మోసుకొని వెళ్ళండి. 108కు ఫోను చేయండి, అది ఆలస్యమైతే దొరికిన బండి ఎక్కండి.

తేలు కుట్టిందంటే నవ్వి ఊరుకొనేవారున్నారు. ఎర్రతేలు అయితే నవ్వకండి. చెమటలు కారి, వాంతులై, చేతులు కాళ్ళు చల్లబడితే గుండె మీద దెబ్బ పడుతున్నట్లే, పిల్లలకు మరీ ప్రమాదం. మహారాష్ట్రలోని మహాడ్ పట్టణంలో డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ ప్రజోసిన్ అనే రక్తపోటు మాత్రతో ఇలాంటివారిని కాపాడవచ్చునని చూపారు. ఆ మాత్ర చాలా చవక, కాని వైద్యుని చేతి నుండే, సమయానికే అందాలి.

కొండతేనెటీగల పట్టు ఉన్న చెట్టు కింద పొయ్యి వెలిగించకండి, పొగ వాటిని రేపుతుంది. అవి పైబడితే చేతులు ఊపక, ముఖం కప్పుకొని గదిలోకో బండిలోకో పరుగెత్తాలి. ఒంటినిండా దద్దుర్లు వచ్చి ఊపిరి ఆడకపోతే ఆసుపత్రికే.

ఈ రాత్రి ఇషా తరువాత బయలుదేరే జమాఅతు సోదరులు టార్చిలైట్లు, దోమతెరలు సర్దుకొన్నారో లేదో అమీర్ సాహెబ్ ఒకసారి చూడగలరు. కొత్త ఊరిలో దిగగానే ముందు ఖిబ్లా దిశ అడుగుతారు కదా. ఆ వెంటనే, పాముకాటు మందు ఉన్న ఆసుపత్రి ఎంత దూరమో, రాత్రివేళ బండి ఎవరి దగ్గర ఉంటుందో కూడా అడిగి, ఆ ఫోను నంబరు అందరూ రాసుకోండి.